తాతయ్య ఆరబెట్టిన దిరిసెన

పాత గుంటూరులో మా ఇంటి పెరట్లో ఒక దిరిసెన చెట్టు ఉండేది. వేసవి మొదట్లో అది ఒకపక్క లేతపచ్చని కుచ్చుపూలు పూస్తూనే, మరోపక్క కిందటేటి ఎండుకాయలను కొమ్మలనిండా వేలాడదీసుకుని, చిరుగాలికి కూడా గలగలమని మోగేది. కావ్యాల్లో సుకుమారానికి పోలిక చెప్పే శిరీష పుష్పం ఈ చెట్టుదేనని నాకు చాలాకాలం తెలియదు. ఆ కాయల మోత వింటూ పెరటి మంచం మీద నిద్రపోవటమే మాకు తెలిసిన వేసవి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను ఆ చెట్టును వేళ్లతో సహా పెకలించి ప్రహరీ మీద పడేసింది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

గాలివాన వెలిసేసరికి వీధంతా విరిగిన కొమ్మలతో నిండిపోయి ఉంది. కరెంటు లేదు, దారులు తెగిపోయాయి, వంటచెరకు కోసం జనం కత్తులు పట్టుకుని తిరుగుతున్నారు. కట్టెల అడితి ఆయన ఒకరు వచ్చి, చెట్టు మొత్తానికి ఒక్క ధర చెప్పి బేరం పెట్టారు. తాతయ్య ఒప్పుకోలేదు. ఆయన వడ్రంగి, ఎడ్లబళ్లు, ద్వారబంధాలు, తలుపులు చేసిన చేతులు ఆయనవి. అరవై ఏడేళ్ల వయసులో కూడా బాడిస వదలలేదు. వీధిలో అందరూ ఆచారి గారనే పిలిచేవారు. కొమ్మలన్నీ ఇరుగుపొరుగు వారిని తీసుకుపొమ్మని చెప్పి, మానును మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు.

మానును పదడుగుల మొద్దుగా కోయించిన తరువాత ఆయన నన్ను పిలిచి తాడు పట్టుకోమన్నారు. మొద్దు నడిమికి తాడు చుట్టి, చుట్టుకొలత దగ్గర ముడివేసి, ఆ తాడును సరిగ్గా నాలుగు మడతలు పెట్టి కొలబద్ద మీద పరిచారు. అడుగున్నర వచ్చింది. అడుగున్నరను అడుగున్నరతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేస్తే 22.5 ఘనపుటడుగులు. కలప బేరాల్లో గుండ్రని మొద్దును అలాగే కొలుస్తారు. కొన్నేళ్ల తరువాత నేను బడిలో నేర్చుకున్న వృత్త వైశాల్యంతో లెక్కవేసి, అది నిజానికి 28 ఘనపుటడుగులు దాటుతుందని ఎంతో ఉత్సాహంగా చూపించాను. "ఆ మిగిలినదంతా బెరడుకూ, పక్క చెక్కలకూ, రంపం నోటికీ పోయేదేనమ్మడూ, ముందే తీసేసి లెక్క కట్టారు" అన్నారు తాతయ్య.

అదే రోజు సాయంత్రం ఆయన పేడనూ బంకమట్టినీ కలిపి పిసికి, మొద్దు రెండు కొసలకూ అరచేతి మందాన మెత్తించారు. దాని మీద తడి గోనెలు కప్పించారు. చెట్టు బతికున్నప్పుడు నీరు వేరు నుంచి చిగురు దాకా ఎక్కే సన్నని గొట్టాలు చెక్కలో నిలువునా ఉంటాయి. కోసిన కొస దగ్గర వాటి నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అందువల్ల పలక ముఖం నుంచి పోయే నీటికి పదింతలకు పైగా వేగంతో కొసల నుంచి నీరు పోతుంది. లోపల చెక్క ఇంకా నిండుగా ఉబ్బి ఉండగానే కొస ఆరి కుంచించుకుంటుంది, కుంచించుకోవటానికి చోటు లేక నెర్రెలు విచ్చుతుంది. పేడపూత ఆ నోళ్లకు మూత. ఇప్పుడు అదే పనికి రంగో, మైనమో, తారో వాడుతున్నారు. పూత ఏదైనా చెట్టు కోసిన రోజునే వేయాలన్నది తాతయ్య పట్టుదల, ఎందుకంటే ఒకసారి విచ్చిన నెర్రె ఎన్ని పూతలు పూసినా మూసుకోదు.

దారులు బాగుపడిన వారానికి మొద్దును ఎడ్లబండి మీద కోత మిల్లుకు తీసుకువెళ్లాం. రంపం మొదటి కోత కోయగానే మిల్లులో ఉన్నవాళ్లందరికీ తుమ్ములు మొదలయ్యాయి. దిరిసెన పొట్టు ముక్కుకు అంత ఘాటు. పైపంచె ముక్కుకు చుట్టుకుని నిలబడిన తాతయ్య, ఒక్కొక్క పలక విడిపడుతుంటే దాని కొస మీద సుద్దముక్కతో అంకె వేశారు. పక్క చెక్కలు పోగా రెండేసి అంగుళాల మందాన ఎనిమిది పలకలు వచ్చాయి. నడుమ ముదురు గోధుమరంగు చేవ, దానిలో నల్లని చారలు, రెండు అంచులకూ వెలిసిపోయిన తెల్లచెక్క. ఆ తెల్లచెక్కను ఆయన అక్కడే కోయించి పొయ్యికి ఇచ్చేశారు. దానిలో పిండిపదార్థం ఉంటుంది కనుక పుచ్చు పురుగు ముందు దాన్నే వెతుక్కుంటుందనీ, జల్లించిన గోధుమపిండిలాంటి పొడి నేల మీద కనిపించే నాటికి లోపల పని అయిపోయి ఉంటుందనీ చెప్పారు. చెట్టు నడిగుండెలోని దవ్వ వచ్చిన పలకను నిలువునా రెండుగా చీల్పించారు, దవ్వ ఉన్న పలక పగలక మానదు కనుక.

పేర్చటం దగ్గర తాతయ్య ఓపిక చూశాను. పశువులు లేక ఖాళీగా ఉన్న కొట్టంలో, గోడకు రెండడుగుల ఎడంగా, మోకాటి ఎత్తున రాళ్లు పేర్చి, వాటి మీద పాత దూలాలు అడ్డంగా పరిచి, రసమట్టం పెట్టి మరీ సమానం చేశారు. కింద మట్టం తప్పితే ఆ వంకర పై పలక దాకా ఎక్కుతుంది, పలక ఏ వంకరలో ఆరితే ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం ఉన్న బద్దలు పెట్టారు. ఆ బద్దలను పాత టేకు కిటికీ చట్రం చీల్చి తయారుచేశారు, ఎందుకంటే పచ్చి బద్ద పెడితే అది తగిలినంత మేరా పలకకు మచ్చపడుతుంది. రెండు కొసలకూ చెరొకటి, మధ్యలో అడుగున్నరకొకటి. కింది వరుస బద్ద మీదే పై వరుస బద్ద నిలవాలి, ఒక్క అంగుళం తేడా ఉన్నా ఊరుకునేవారు కాదు. బరువంతా ఒకే నిట్టనిలువు గీత మీదుగా నేలకు దిగాలి, పక్కకు జరిగితే పలక ఆ ఖాళీలోకి కుంగుతుంది. అన్నిటికీ పైన ఇసుక బస్తాలు, నాయనమ్మ వాడటం మానేసిన తిరగలి, పగిలిన రోలు ఎక్కించారు. పడమటి వైపు మాత్రం గోనెపట్టాలు కట్టారు.

రోహిణి కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో అప్పటికే పగిలిన రోలు పలకల మీద కూర్చుని ఉంది. ఆ ఎండల్లో గుంటూరు చుట్టుపక్కల మిరప కల్లాలను చూసిన నాకు, ఇంత ఎండను వదిలేసి పలకలను చీకటి కొట్టంలో ఎందుకు దాచారో అర్థం కాలేదు. ఒకరోజు అడిగేశాను. "మిరపకాయను ఎండబెట్టాలి, చెక్కను ఆరబెట్టాలి. రెండూ ఒకటి కాదమ్మడూ" అన్నారు. నాయనమ్మ వడియాలను ఎండబెడుతుంది, తడి జుట్టును ఆరబెట్టుకోమంటుంది. ఈ రెండు మాటలనూ మనం రోజూ వేరువేరుగానే వాడుకుంటున్నాం. మిరపకాయ పలుచని తోలు. ఎండ దాన్ని ఏకంగా దాటిపోతుంది. రెండంగుళాల పలకకు ఎండ తగిలితే పైపొర గట్టిపడి, లోపలి తడి బయటికి రాలేక, కొన్నాళ్లకు పైన నెర్రెలూ, ఇంకా ముదిరితే లోపల గుల్లలూ పడతాయి. చెక్కకు కావలసింది నీడ, పక్క నుంచి పక్కకు సాగిపోయే గాలి. వడగాడ్పు నేరుగా తగలకుండా పడమట గోనెలు కట్టింది కూడా అందుకే.

నా పని అప్పుడే మొదలైంది. ఒక పలక కొస నుంచి అడుగు వదిలేసి, అడుగున్నర పొడవు, ఆరంగుళాల వెడల్పు ఉన్న ముక్కను తాతయ్య కోశారు. దాని రెండు కొసలకూ తారు పూసి, పెద్ద పలకకు ఎలా గాలి తగులుతుందో దీనికీ అలాగే తగలాలని దొంతర నడుమన బద్దల మధ్య దోపారు. నెలకు ఒకసారి దాన్ని బయటికి తీసి, వీధి చివర శెట్టి గారి కిరాణా కొట్టుకు తీసుకువెళ్లి తూయించుకు రావటం నా బాధ్యత. పొద్దున్నే కొట్టు తెరవగానే వెళ్లాలి, బేరాలు మొదలయ్యాక విసిగించకూడదు. శెట్టి గారు దీపం వెలిగించి, త్రాసు ఊపు నిలిచిందాకా ఆగి, ఒక సిబ్బిలో ముక్కను ఉంచి, రెండో సిబ్బిలో రాళ్లు ఒక్కొక్కటే పెడుతూ, చివరకు పదిగ్రాముల బిళ్లతో ముల్లును నిలబెట్టేవారు. "ఈ నెల ఎంత తాగేసిందమ్మా గాలి?" అని అడిగేవారు. నేను నోటు పుస్తకంలో తేదీ వేసి బరువు రాసుకునేదాన్ని.

ఆ పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. 1990 మే చివర 3,300 గ్రాములు. నెల తిరిగేసరికి 2,950. వినాయక చవితికి 2,700. దీపావళికి 2,600. మొదట్లో అంత వేగంగా తగ్గిన బరువు తరువాత నత్తనడక పట్టింది. నాకు ఆశ్చర్యమైన సంగతి మరొకటి ఉంది. తాతయ్య ముక్క వెడల్పు కూడా కొలిపించేవారు. దీపావళి దాకా ఆ ఆరంగుళాలు దాదాపు ఆరంగుళాలుగానే ఉన్నాయి. ఏడువందల గ్రాముల నీరు పోయినా చెక్క చిన్నదవలేదు. ఆ తరువాతే, బరువు తగ్గటం బాగా మందగించిన తరువాతే, కొలబద్ద మీద తేడా కనిపించటం మొదలైంది.

దాని కారణం నేను పెద్దయ్యాక చదువుకున్నాను. చెక్కలో నీరు రెండు చోట్ల ఉంటుంది. గొట్టాల బోలులో నిలిచిన నీరు ఒకటి, ఆ గొట్టాల గోడల్లోకి ఇంకిన నీరు ఒకటి. బోలులో ఉన్నది ముందు పోతుంది; అది పోతే బిందెలో నీళ్లు ఖాళీ అయినట్టే, బిందె ఆకారం మారదు. నిమ్ము పొడి చెక్క బరువులో 30 శాతం దగ్గరికి వచ్చేటప్పటికి బోలు ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి గోడల్లోని నీరు కదులుతుంది, అప్పుడు గోడే పలచబడుతుంది, చెక్క కుంచించుకోవటం అప్పుడే. అదీ అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పొడవున లెక్కలోకి రానంత తక్కువ. చెట్టు వలయాలకు అడ్డంగా కొంత. వలయాల వెంబడి దానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే పలక ఆరుతూ ఆరుతూ బెరడు వైపు ముఖాన విస్తరాకు దొప్పలా గుంటపడుతుంది. ఆ గుంట పడకుండా ఆపటానికే పైన అంత బరువు. ఈ సంగతులేవీ చదవని తాతయ్య తిరగలిని సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు.

1991 సంక్రాంతికి ముక్క 2,450 గ్రాములు తూగింది. మాఘమాసంలో చిన్నత్త పెళ్లి. పెళ్లికూతురికి పందిరిమంచం ఇంటి చెట్టుతోనే చేయాలని బాబాయి పట్టుబట్టాడు, నాయనమ్మా అదే కోరింది. తాతయ్య రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తిరగలి దింపించి, రెండు పలకలు తీసి, మిల్లులో మందం సగానికి చీల్పించి తెచ్చారు. చీల్చిన లోపలి ముఖం మీద ఆయన తన చెంప ఆనించటం నేను చూశాను. నన్నూ చెయ్యి పెట్టి చూడమన్నారు. బయటి ముఖం గోడలా ఉంది. లోపలి ముఖం కుండను ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. ఆ చల్లదనం నీరు. ఆయనకు తెలుసు. అయినా పెళ్లి ముహూర్తం ముక్క బరువు కోసం ఆగదు కనుక, మంచం చేశారు. తలవైపు పద్నాలుగు అంగుళాల ఒంటి పలకను చట్రంలో బిగించి, బాబాయి రెండు అంచులకూ మేకులు కొట్టాడు.

చిన్నత్త విజయవాడలో పటమటలో కాపురం పెట్టింది. మే నెలలో ఒక రాత్రి మంచం తల దగ్గర పిడుగు పడ్డట్టు చప్పుడైందనీ, లేచి దీపం వేసి చూస్తే పలక నిలువునా చీలి ఉందనీ ఉత్తరం రాసింది. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లారు. చీలికలో రూపాయి నాణెం నిలువునా దూరుతోంది. ఆయన దాన్ని వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూశారు. ఆ పలక 25 శాతం నిమ్ముతో చట్రంలోకి వెళ్లింది. బెజవాడ వేసవి దాన్ని 13కు తీసుకువచ్చింది. మధ్యలో అది దాదాపు మూడోవంతు అంగుళం కుంచించుకోవలసి ఉంది, మేకులు కుంచించుకోనివ్వలేదు. "చెక్క తప్పు లేదమ్మా. బరువు చూసి కూడా తీసిచ్చింది నేను" అని చిన్నత్తతో అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. తన చేతి పని గురించి ఆయన అలా మాట్లాడగా నేను మరెప్పుడూ వినలేదు.

ఆ నెలలోనే ముక్క 2,230 తూగింది. ఇక ఆరిపోయిందని నేను అనుకున్నాను. ఆగస్టులో వెళితే 2,250 వచ్చింది. శెట్టి గారు రెండుసార్లు తూచారు. నేను పరుగున వచ్చి, వాన తగిలి పాడైపోయిందని చెప్పాను. తాతయ్య ముఖంలో ఎంతో కాలానికి వెలుగు చూశాను. "పాడవలేదు, ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు పనికొస్తుంది" అన్నారు. చెక్క ఆరటం అంటే నీరంతా పోవటం కాదు. చుట్టూ ఉన్న గాలిలోని తేమతో సమానమయ్యేదాకా దిగి, తరువాత ఆ గాలితో పాటు వానాకాలం కాస్త ఎక్కి, వేసవిలో కాస్త దిగుతూ ఉండటం. అందుకే ఒక ఊరికి సరిపోయిన ఆరుదల మరో ఊరికి సరిపోదు. భారతీయ ప్రమాణాల్లో కూడా కలప నిమ్ముకు దేశాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విడదీసి వేరువేరు హద్దులు పెట్టారు. కొండపల్లి బొమ్మల వారు తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి నీరు లాగేస్తారు. అది తేలికైన మెత్తని కర్ర, చిన్న ముక్క, దానికి ఆ సెగ చెల్లుతుంది. మా దిరిసెన పలకలకు అలా చేసి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

1992 మేలో 2,190 వచ్చాక దొంతర విప్పారు. బద్దలు తీసేసి, ఇప్పుడు పలకలను ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆనించి అటక మీద పరుండబెట్టారు; ఆరేటప్పుడు గాలి ఆడాలి, ఆరిన తరువాత గాలి ఎంత తక్కువ తగిలితే అంత మంచిది. గోడకు చేరవేసి నిలబెట్టనివ్వలేదు, నిలబెట్టిన పలక తన బరువుకు తానే వంగుతుంది. ప్రతి పలక కొస మీదా మసితో "దిరిసెన, 1990, గాలివాన" అని నాచేత రాయించారు. ఆ కలపలో మొదటి పలకతో ఆయన చేసింది చిన్నత్త మంచానికి కొత్త తలపలక. ఈసారి చట్రంలోపల నాలుగు వైపులా గాడి తవ్వి, పలకను ఆ గాడిలో మేకూ జిగురూ లేకుండా వదులుగా కూర్చోబెట్టారు, వేసవికి కుంచించుకోవటానికీ వానాకాలానికి ఉబ్బటానికీ చోటు ఉంచి. రెండోది నా రాతబల్ల. ఈ మాటలు రాస్తున్నది దాని మీదే. దాని సొరుగు ఆగస్టులో కొంచెం బిగుతుగా, మేలో కొంచెం వదులుగా కదులుతుంది. పట్టేసిన రోజు ఇంతవరకూ లేదు.

తాతయ్య 1996లో పోయారు. అటక మీద ఒక పలక మిగిలింది. దాన్ని మా తమ్ముడు తన ఇంటికి తీసుకువెళ్లి అలాగే పడుకోబెట్టి ఉంచాడు. తూకపు ముక్క నా దగ్గరే ఉంది. తారు అక్కడక్కడా పెచ్చులూడింది, చేవ రంగు ఇంకా ముదిరింది. కిందటి ఆగస్టులో, బయట ముసురు పట్టి ఉండగా, దాన్ని సంచిలో పెట్టుకుని మా వీధి కొట్టుకు వెళ్లి, అక్కడి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టమని అడిగాను. కొట్టు అబ్బాయి అదేమిటని అడగకుండానే పెట్టాడు. ఎర్రని అంకెలు కాసేపు అటూ ఇటూ మారి నిలిచాయి. ఇంటికి వచ్చి, పాత నోటు పుస్తకంలో 1992 మే తరువాతి గీత మీద తేదీ వేసి రాశాను: 2,245 గ్రాములు.